అవే అక్షరాలు

ఎడ్మంటన్
జనవరి 6, 2025

హైమ పిన్నికి,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే "ఈ ముక్కలేంటే, ఉత్తరంలా రాయి" అంటావు. అందుకని ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, పక్కన టీ పెట్టుకుని, ఈ ఈమెయిల్ ఉత్తరంలాగే రాస్తున్నా.

పోయిన నెలాఖర్న ఇల్లు మారాను. ఒక పాత ఇంటి బేస్‌మెంట్. పైన ల్యూబా గారని ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. ఆవిడ కొడుకు జార్జ్ ఉత్తరాన ఆయిల్ క్యాంపులో పని చేస్తాడు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఆయన లేని రోజుల్లో పగలు ఒక కేర్ ఎయిడ్ వచ్చి నాలుగింటికి వెళ్ళిపోతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చాక పొద్దున దాకా ల్యూబా గారిని చూసుకోవాలి. ఆ మాట మీదే ఇల్లిచ్చాడు.

వచ్చిన రోజు ఆవిడ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. నా జడ పట్టుకుని చూసి "గుడ్ హెయిర్" అన్నారు. మతిమరుపు జబ్బట. జార్జ్ ముందే చెప్పాడు. కానీ ఇంత త్వరగా ఇంగ్లీషు పోతుందని అనుకోలేదు. ఇప్పుడు 'టీ', 'నో' తప్ప మిగతాదంతా ఆవిడ చిన్నప్పటి భాషే. అది రష్యన్ అని నాకు గోడ మీది పుస్తకాల బీరువా చూడగానే తెలిసిపోయింది. హిందూపురంలో అమ్మమ్మ వాళ్ళ ట్రంకుపెట్టెలో ఉండే నీ మెడిసిన్ పుస్తకాలు గుర్తున్నాయా? తిరగేసిన R, ఆరు కాళ్ళ పురుగులాంటి Ж. అవే అక్షరాలు. బయట పేరు కూడా పెట్రోవ్ అని ఉంది. ఫోటో పంపుతున్నా చూడు.

పిన్నీ, నాకు కొంచెం భయంగా ఉంది. పొద్దుగూకే వేళకి ఆవిడ మారిపోతారు. వీధి కిటికీ దగ్గర నిలబడి, బయట మంచు నీలంగా మారుతుంటే, చేతులు నలుపుకుంటూ ఒకటే మాట అంటుంటారు. వినపడినట్టు రాస్తున్నా: "స్త్రాహ్ మె ఎ." నేను పక్కకెళ్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుని "మైకా, మైకా" అంటారు. నిన్న కిటికీ అద్దం మీద పేరుకున్న మంచులో వేలితో ఆ మైకా అన్న మాటే రాశారు కూడా. రెండో ఫోటో అదే. ఆవిడకి ఏం కావాలో చెప్పు పిన్నీ. ఇవ్వగలిగితే ఇస్తాను.

బాబాయికి నా నమస్కారాలు చెప్పు.

ధరణి

*

సస్కటూన్
జనవరి 8

అమ్మాయ్ ధరణీ,

నీ ఉత్తరం మీ చక్రధర్ బాబాయికి పైకి చదివి వినిపించాను. ఆయన మంచు తోసి తోసి నడుం పట్టేసి పడుకున్నారు. "మీ అక్క కూతురు చివరికి నీ రష్యన్‌కి పని కల్పించింది" అన్నారు. నిజమే. లెనిన్‌గ్రాడ్‌లో మెడిసిన్ చదివి వచ్చి నలభై ఏళ్ళవుతోంది. ఇన్నాళ్ళకి ఆ అక్షరాలు కిటికీ అద్దం మీద కనిపించేసరికి ఒళ్ళు ఝల్లుమంది.

ఇక నీ మాటలు. "స్త్రాహ్" అంటే భయం. ఆవిడకి భయమేస్తోందన్నమాట. ఆ జబ్బున్నవాళ్ళకి చీకటిపడే వేళ అలాగే ఉంటుంది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఎందరినో చూశాను. నువ్వు ఇంటికి రాగానే దీపాలన్నీ వేసెయ్, కర్టెన్లు లాగెయ్. "మె ఎ" అన్నది మాత్రం రష్యన్‌లో పొసగదు. నువ్వు సరిగ్గా విని ఉండవు, లేదా ఆవిడకి నాలుక తిరక్కపోయి ఉంటుంది.

"మైకా" సులువు. లోపల వేసుకునే బనియను! హాస్టల్లో మేము ఉన్ని మైకాలు రెండేసి తొడుక్కునేవాళ్ళం. పాపం ఆవిడకి చలేస్తోంది. బీరువా వెతికి మంచి వెచ్చటివి తీసి తొడుగు.

నువ్వు కూడా తొడుక్కో. ఎడ్మంటన్ చలి మా ఊరి చలికేం తీసిపోదు.

నీ హైమ పిన్ని

*

ఎడ్మంటన్
జనవరి 13

పిన్నీ,

ఇది చదువుతూ నన్ను తిట్టకు. ముందు చివరిదాకా చదువు.

నువ్వు చెప్పినట్టే బనియన్లు తీసిచ్చాను. ఆవిడ వాటిని చూసి, నన్ను చూసి, నేలకేసి కొట్టారు. "మైకా!" అని అరిచి ఏడ్చారు. ఇంకో జత తెచ్చాను. అవి కూడా విసిరేశారు. కొత్తవి కావాలేమోనని శనివారం వెళ్ళి కొనుక్కొచ్చాను. వాటినైతే ముట్టుకోలేదు కూడా. రోజూ సాయంత్రం నేను బనియను పట్టుకుని నిలబడడం, ఆవిడ నన్ను రాక్షసిని చూసినట్టు చూడడం. ఇప్పుడు నేను మెట్లెక్కి వస్తుంటేనే గోడకి అతుక్కుపోతున్నారు.

అసలు సంగతి ఇది. నిన్న కేర్ ఎయిడ్ త్వరగా వెళ్ళిపోయింది. నేను వచ్చేసరికి మాత్రల డబ్బా తెరిచి ఉంది. "టాబ్లెట్ వేసుకున్నారా?" అని చేత్తో సైగ చేసి అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. లేదంటున్నారు కదా అని బీపీ మాత్ర ఇచ్చాను. ఇచ్చే ముందు "ఇంతకుముందు వేసుకున్నారా?" అని మళ్ళీ రెండుసార్లు సైగ చేసి అడిగాను కూడా. అడ్డంగానే ఊపారు. కాసేపటికి కుర్చీలోంచి లేవబోయి కూలబడ్డారు. పెదాలు తెల్లగా అయిపోయాయి. చెత్తబుట్టలో చూస్తే అప్పటికే వేసుకున్న మాత్ర తాలూకు రేకు! 811లో ఉండే నర్సులకి ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పినట్టు పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, పక్కనే కూర్చున్నాను. తేరుకున్నారు.

జార్జ్‌కి ఇంకా చెప్పలేదు. నా PR అప్లికేషన్ నడుస్తోంది పిన్నీ. పెద్దావిడకి నా చేతుల్లో ఏమైనా అయితే? ఎవరైనా కంప్లైంట్ ఇస్తే?

ఇంకోటి. ఈ రెండ్రోజులూ కొత్త మాట అంటున్నారు. "మైకా మి ఎ వ్ గొరాతా." కిటికీలోంచి బయటికి వేలు చూపిస్తారు. ఎటు చూపిస్తున్నారో తెలియదు. మంచే కనిపిస్తుంది.

ధరణి

*

సస్కటూన్
జనవరి 14

ధరణీ,

తిట్టను. కానీ డాక్టరుగా చెబుతున్నా, విను. మతి సరిగ్గా లేని మనిషిని అడిగి మందు వెయ్యకూడదు. రోజులవారీ గళ్ళున్న పెట్టె కొని అందులో సర్దు. గడి ఖాళీ అయితే వేసుకున్నట్టే. ఆవిడ తలూపిందో లేదో నీకు అనవసరం. రేపే జార్జ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పు. దాస్తేనే తప్పవుతుంది.

"గొరా" అంటే కొండ. "బనియను కొండ మీద ఉంది" అంటోంది! దానికి అర్థం వెతక్కు తల్లీ. జబ్బులో మాటలు అలాగే కలగాపులగం అవుతాయి. ఎప్పుడో మొగుడితో రాకీ కొండలకి వెళ్ళినప్పుడు అక్కడ పోగొట్టుకుందేమో.

నీ గొంతులో భయం నాకు ఈ అక్షరాల్లోనే వినపడుతోంది. రాత్రి తలుపు గడియ వేసుకుని పడుకో. అంతగా ఉండలేకపోతే ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చెయ్.

పిన్ని

*

ఎడ్మంటన్
జనవరి 17, సాయంత్రం

పిన్నీ, ల్యూబా గారు కనిపించడం లేదు.

మంచు వల్ల బస్సు ఆలస్యమైంది. నేను వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, హాల్లో అంతా మంచుపొడి. కోటు, బూట్లు వేసుకునే వెళ్ళినట్టున్నారు, అవి లేవు. పోలీసులు వచ్చారు. బయట మైనస్ పద్దెనిమిది. గాలికి అడుగుజాడలన్నీ కప్పుకుపోయాయి. "ఎక్కడికెళ్తానని ఎప్పుడైనా అన్నదా?" అని అడుగుతున్నారు. పొద్దున నేను ఆఫీసుకి వెళ్తుంటే ఆ మాటే అన్నారు పిన్నీ, మైకా, గొరాతా అని. వెంటనే చెప్పు, ఏమని చెప్పను? జార్జ్ ఫోన్ తగలడం లేదు.

*

సస్కటూన్
జనవరి 17

గొరా అంటే కొండ, అందులో సందేహం లేదు. కొండలకి వెళ్తానంటోందని చెప్పు. పడమట కొండల్లోకి వెళ్ళే జాస్పర్ బస్సులు ఎక్కడ ఆగుతాయో అక్కడ చూడమను. హైవే వైపు చూడమను. ఏ కారువాళ్ళైనా ఎక్కించుకుని ఉంటారు. ధైర్యంగా ఉండు.

*

సస్కటూన్
జనవరి 17, మళ్ళీ నేనే

ధరణీ, ఆపు! నేను చెప్పింది తప్పు. కొండ కాదు. అడవి. చెట్లు! దగ్గర్లో చెట్లు ఎక్కడున్నాయో అక్కడ వెతకండి. ముందు పోలీసులకి ఈ మాట చెప్పి తర్వాత మిగతాది చదువు.

ఆవిడ రష్యన్ కాదు. బల్గేరియా మనిషి. మా హాస్టల్లో మిలెనా అని బల్గేరియా అమ్మాయి ఉండేది. తిన్నావా అంటే తల అడ్డంగా ఊపేది. అలా ఊపితే వాళ్ళలో అవునని. పాపం తినలేదనుకుని నేను మళ్ళీ వడ్డించేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. నీ మాత్రల సంగతి చదివినప్పుడే నాకు తట్టాలి. ఇప్పుడు, ఇంత ఆలస్యంగా తట్టింది. వెంటనే నువ్వు పంపిన పుస్తకాల ఫోటో మళ్ళీ తీసి చూశాను. ప్రతి పేరు మధ్యలోనూ ъ ఉంది. రష్యన్‌లో అది మూగ అక్షరం, ఎప్పుడో గాని కనపడదు. బల్గేరియన్‌లో అది అచ్చు, మాటమాటకీ వస్తుంది. ఫోటోలో నా కళ్ళ ముందే ఉంది. నేను చూసింది నాకు తెలిసిన అక్షరాల్నే.

మైకా అంటే బనియను కాదు. వాళ్ళ భాషలో అమ్మ. "మా అమ్మ అడవిలో ఉంది." ఆవిడ ఇన్నాళ్ళూ చెబుతున్నది అదే.

పరిగెత్తు.

*

ఎడ్మంటన్
జనవరి 18

పిన్నీ,

దొరికారు. ప్రాణాలతో ఉన్నారు. ఐసీయూలో ఉంచారు.

నీ రెండో ఉత్తరం వచ్చేసరికి నేను ఒక పోలీసు కారులో బస్సుల స్టాపు దగ్గర ఉన్నాను. ముందు వచ్చిన ఉత్తరం వాళ్ళకి నేనే చదివి చెప్పాను కదా. డ్రైవర్లందరికీ ఆవిడ ఫోటో పంపారు. చాలాసేపు అక్కడే పోయింది. అడవి అని చెప్పగానే ఆ పోలీసావిడ "మీ వీధి చివర రవీన్ ఉంది కదా" అని బండి తిప్పేసింది. మా వీధి చివర్న నదివైపు దిగే లోయ. నిండా చెట్లు. దాన్ని నేను ఎండాకాలంలో, ఆకులతో చూడలేదు గనక అదొక అడవి అని నాకెప్పుడూ తోచలేదు.

టార్చి లైట్లతో దిగాం. మంచు మోకాలి దాకా వచ్చింది. నేను ఏమని పిలవాలో తెలియలేదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారో లేదో. "మైకా!" అని అరిచాను. ఆ చెట్ల మధ్య, ఆ చీకట్లో, నాది కాని ఎవరిదో గొంతులాగ వినపడింది నాకే. రెండోసారి పిలిచినప్పుడు కింద నుంచి సన్నగా మూలిగినట్టయింది.

ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు. ఒంటి మీద కోటు లేదు. పక్కనున్న సన్నటి చెట్టుకి తగిలించి ఉంది. స్వెట్టర్‌తోనే ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడలేదు. ఎడమచేతి వేళ్ళు మైనంలా ఉన్నాయి.

ఇంతకన్నా రాయలేను. పోలీసులు నా దగ్గర స్టేట్‌మెంట్ తీసుకున్నారు. మాత్రల విషయం కూడా నేనే చెప్పేశాను. రాసుకున్నారు. ఏమవుతుందో తెలియదు. జార్జ్ వస్తున్నాడు. ఆయన మొహం ఎలా చూడాలో తెలియదు.

ధరణి

*

సస్కటూన్
జనవరి 19

నా తల్లీ,

నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

హిందూపురంలో పుట్టినదాన్ని. మనం కన్నడ బోర్డు కూడబలుక్కుని చదివేస్తాం. అంతమాత్రాన కన్నడం వచ్చేసినట్టా? బెంగుళూరులో ఎవరైనా "తిండి ఆయ్తా" అంటే అన్నం గురించి కాదు, టిఫిన్ గురించి అడుగుతున్నారని నేనే నీకు చెప్పి నవ్వించాను. అంత తెలిసినదాన్ని, సిరిలిక్ అక్షరాలు కనపడగానే అది రష్యనేనని ఎలా తీర్మానించానో! ఆ లిపి పుట్టిందే బల్గేరియాలో అని మిలెనా ఎన్నిసార్లు గొప్పలు పోయేది. రష్యన్లు, సెర్బులు, యుక్రేనియన్లు అందరూ వాడుకున్నారనేది. భయానికి మాత్రం అందరిదీ ఒకే మాట. నేను సరిగ్గా చెప్పింది అదొక్కటే.

కోటు సంగతి చదివి నువ్వు ఏదేదో ఊహించుకుని భయపడతావేమోనని రాస్తున్నా. చలి ఒంట్లో బాగా దిగిపోయినప్పుడు మనిషికి ఉన్నట్టుండి వేడి పుట్టినట్టు అనిపిస్తుంది. బట్టలు విప్పి పారేస్తారు. వైద్యంలో దానికి పేరుంది. మంచులో దొరికినవాళ్ళలో మేం చూస్తూనే ఉంటాం. అది శరీరం చేసే పని, మనసు చేసేది కాదు. అంతకు మించి అందులో ఏమీ లేదు. అది తలుచుకుని నిద్ర పాడుచేసుకోకు.

నాకు ఉత్తరం రాయి. తిట్టి అయినా సరే.

హైమ పిన్ని

*

సస్కటూన్
జనవరి 24

ధరణీ,

ఐదు రోజులైంది. రోజుకి పదిసార్లు ఈమెయిల్ తెరిచి చూస్తున్నా. బాబాయి నీకు ఫోన్ చేస్తే రింగయి ఆగిపోతోందంటున్నారు. పోలీసులు ఏమన్నారు? ఆవిడకి ఎలా ఉంది? నువ్వు అన్నం తింటున్నావా? కబురు తెలియకపోతే మనిషికి ఎన్ని రకాల భయాలు పుడతాయో నాకిప్పుడు తెలుస్తోంది. నీకేమైనా అయిందేమోనని రాత్రి ఎడ్మంటన్ వార్తలన్నీ చదివాను. చెవులు పనిచేసి ఉంటే ఆ పెద్దావిడ గొంతు ఫోన్‌లో ఒక్కసారి విని ఉండేదాన్ని, అప్పుడే తేడా తెలిసిపోయేది అని ఒకటే బాధ.

బాబాయి కారు సర్వీసింగుకి ఇచ్చారు. ఈ వారంలో నీ దగ్గరనుంచి రెండు ముక్కలు రాకపోతే, రోడ్లు ఎలా ఉన్నా మేమిద్దరం బయల్దేరుతున్నాం.

పిన్ని

*

ఎడ్మంటన్
జనవరి 27

పిన్నీ,

నేను బాగానే ఉన్నాను. కోపంతో కాదు, ఏం రాయాలో తెలియక రాయలేదు.

ల్యూబా గారు ఐసీయూ నుంచి వార్డులోకి వచ్చారు. ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు తీసేశారు. ఇంటికి రారు. జార్జ్ కేర్ హోమ్ చూస్తున్నాడు, తలుపులకి కోడ్ ఉండేది. పోలీసులు నిన్న ఫోన్ చేశారు. నా మీద ఏ కేసూ లేదు. ఫోన్ పెట్టేశాక నేల మీద కూర్చుండిపోయాను. ఆ భయం అంతగా పట్టుకుని ఉందని అది వదిలాక గాని తెలియలేదు.

జార్జ్ నన్ను ఏమీ అనలేదు. హాస్పిటల్ కారిడార్లో కూర్చోబెట్టి అడిగాడు. "అమ్మ ఏం అంటుండేదో ఒక్కసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. నేను తెలుగులో రాసుకున్నది చూసి చదివాను, మైకా మి ఎ వ్ గొరాతా అని. ఆయన చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నాకు ఆ భాష సరిగ్గా రాదు. స్కూల్లో నన్ను రష్యన్ స్పై అని ఏడిపిస్తున్నారని అమ్మ నాతో ఇంగ్లీషే మాట్లాడేది. కానీ ఈ మాటలు నాకు తెలుసు" అన్నాడు.

ల్యూబా గారికి ఆరేళ్ళప్పుడు వాళ్ళ అమ్మ చలికాలంలో కట్టెల కోసం అడవికి వెళ్ళిందట. "కిటికీ దగ్గరే ఉండు, చీకటిపడే లోపల వచ్చేస్తాను" అని చెప్పి వెళ్ళిందట. మంచు తుఫాను పట్టుకుంది. మంచు కరిగాక గాని దొరకలేదట. ల్యూబా గారు కొడుక్కి ఈ సంగతి జన్మలో ఒక్కసారే చెప్పారు, అదీ ఇంగ్లీషులో.

"నన్ను ఎందుకు అడగలేదు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మీ అమ్మది ఏ భాష అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే క్యాంపులో సిగ్నల్ దొరికినప్పుడు జవాబిచ్చేవాడు. నాకు తెలుసనుకున్నాను. నీకు తెలుసనుకున్నాను. నిన్ను అనడం లేదు పిన్నీ. అడగడమే నాకు తట్టలేదు. ఆవిడ అమ్మ కోసం ఏడుస్తుంటే నేను రోజూ బనియను పట్టుకుని నిలబడ్డాను.

రోజూ సాయంత్రం వార్డుకి వెళ్తున్నాను. మొదటి రోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాను, నన్ను చూసి మళ్ళీ భయపడతారేమోనని. భయపడలేదు. అంతకు ముందున్న నేను ఆవిడకి గుర్తు లేనట్టుంది. కుర్చీ చూపించారు. కూర్చున్నాను. నువ్వూ బాబాయీ రండి. మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ రండి. నీకు వినపడకపోయినా ఫర్వాలేదు, ఆవిడ పక్కన కూర్చుందువుగాని.

ఇంకొక్కటి రాయాలి. ఇది రాయలేకే ఇన్నాళ్ళూ ఆగాను.

చలికి మనుషులు బట్టలు విప్పేస్తారని, అది శరీరం చేసే పనని నువ్వు రాశావు. ఎన్నిసార్లు చదువుకున్నానో. అదే నిజమైతే బాగుండునని చదువుకున్నాను. కానీ నేను నీకు సరిగ్గా రాయలేదు పిన్నీ. కోటు చెట్టుకి తగిలించి ఉందని రాశాను. ఆ రాత్రి తొందరలో దొరికిన మాట అది. ఆవిడని స్ట్రెచర్ మీద పైకి తీసుకెళ్తుంటే పోలీసావిడ ఆ కోటు తెమ్మని నన్ను వెనక్కి పంపింది. టార్చి నోట్లో పెట్టుకుని, గ్లవ్స్ తీసేసి తియ్యాల్సి వచ్చింది.

అది ఆ చెట్టు చుట్టూ కప్పి ఉంది. మెడ దాకా అన్ని గుండీలూ పెట్టి ఉన్నాయి. కాలర్ పైకి లేపి ఉంది. ఆ వేళ్ళతో ఎలా పెట్టారో. వాటిని విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ధరణి